ఒక పిల్లకు ఒక చదువు తోడు: వలస కుటుంబాల పిల్లల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దాళ్వా (రెండో పంట) ఊడ్పులు సాగుతున్నాయి. ఏటిగట్ల పక్కన ఇటుక బట్టీలు పొగ పెడుతున్నాయి. ఒడిశా, బెంగాల్, అస్సాంల నుంచి కూలికి వచ్చిన కుటుంబాలతో పాటు వాళ్ల పిల్లలూ గోదావరి డెల్టాలోకి దిగారు. ఆ పిల్లల్లో ఒకరిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాలని ఉందంటూ ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, పేర్లు తీసేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రావులపాలెం వైపు బట్టీల్లో ఒడిశా పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారండి. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను, తీరిక ఉంది. అందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి చెబుదామంటే మా అబ్బాయి "ఒక్కడికే చెప్పు నాన్నా, అదే నిలబడుతుంది" అంటాడు. పద్నాలుగు మందిని వదిలేసి ఒక్కడికి చెప్పడం న్యాయమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆలమూరు మండలం

జవాబు: మాస్టారూ, ఈ విషయంలో మేము మీ అబ్బాయి పక్షం. చెట్టు కింద కూర్చోబెడితే ఐదేళ్ల బుడతడి నుంచి పద్నాలుగేళ్ల పిల్ల దాకా వస్తారు. ఒకడు ఒడియాలో కథ చదివేస్తాడు, ఇంకొకడు పలక పట్టి ఎరగడు. మీరు చెప్పేది నడుమ ఉన్న ఇద్దరు ముగ్గురికే అందుతుంది, రెండు వారాలకు వాళ్లే మిగులుతారు. పదిహేను మందికీ కావలసింది బడి, అది ప్రభుత్వం చేయాల్సిన పని. పిల్ల పేరు, వయసు, తల్లిదండ్రుల పేర్లు, వచ్చిన జిల్లా, ఎప్పటి దాకా ఉంటారు అని ఐదు గళ్ల జాబితా రాసి మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) గారికో, ఆ బడుల క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌కో ఇవ్వండి. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఆరేళ్లలోపు వాళ్లను దగ్గరి అంగన్‌వాడీలో రాయించండి. అది అయ్యాక ఒక్కరిని, మహా అయితే ఇద్దరిని మీరు తీసుకోండి. బడి ఇవ్వలేనిది, అంటే తన భాష తెలియని చోట పక్కన కూర్చుని ఓపిగ్గా వినే పెద్దమనిషిని, మీరు ఇవ్వగలరు.

నేరుగా పిల్లాడి దగ్గరికి వెళ్లకండి. ముందు బట్టీ యజమాని, తర్వాత ముఠాను తెచ్చిన సర్దార్, ఆ తర్వాత అమ్మానాన్న. మీరు కూలి లెక్కలు అడగడానికో, కేసు పెట్టించడానికో వచ్చారని యజమానికి అనుమానం ఉంటుంది. వారానికి రెండు రోజులు, రోజుకు గంట, అందరికీ కనబడే చోట చదువు చెబుతానని సూటిగా చెప్పండి. చట్టం సంగతి మాత్రం మీకు తెలిసుండాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో బట్టీలో పని చేయించడం నేరం. బయానా (ముందు తీసుకున్న అడ్వాన్సు) తీరలేదని కుటుంబాన్ని కదలనివ్వడం లేదంటే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. అలాంటిది కంటబడితే ఆర్డీవోకు గాని కలెక్టరుకు గాని చెప్పాలి. బట్టీ దగ్గర మీరొక్కరే వాదనకు దిగితే దెబ్బ పడేది ఆ కుటుంబం మీద.

ఏ గంట అన్నది తల్లిని అడిగి పెట్టుకోండి. బలాంగీర్, నువాపాడా జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో మొగుడూ పెళ్లాం, తోడుగా మరొకరు కలిసి ఒక జట్టుగా పని చేస్తారు, కూలి వెయ్యి ఇటుకల లెక్కన. ఎండలు ముదిరాక అర్ధరాత్రి దాటి రెండు మూడు గంటలకే లేచి ఇటుక కోస్తారు. పచ్చి ఇటుకను తిరగేసి ఆరబెట్టే పనికి పిల్లలనూ లేపుతారు. అందుకే పొద్దున తొమ్మిదికి మీరు వెళితే పిల్లాడు నిద్రలో ఉంటాడు, బద్ధకం అనుకుంటారు. సాయంత్రం మట్టి కలిపే వేళకు ముందు దొరికే గంట చాలాచోట్ల కుదురుతుంది.

ఎవరిని ఎంచుకోవాలి? చురుగ్గా ఉన్నవాడి మీదికే మనసు పోతుంది. ఆగండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు, సీజన్ అంతా ఉంటుందని తల్లిదండ్రుల మాట, వాళ్ల ఒప్పుదల, ఈ మూడూ చాలు. చంకలో తమ్ముణ్ణి వేసుకు తిరిగే తొమ్మిదేళ్ల ఆడపిల్ల సాధారణంగా ఎవరి కంటికీ ఆనదు. తమ్ముడితో సహా రమ్మనండి, వాడి చేతికీ ఒక పలక ఇవ్వండి.

మొదటి రోజు పాఠం చెప్పకండి, ఎక్కడ ఉన్నాడో చూడండి. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడే నాలుగు మెట్లు దీనికి సరిపోతాయి: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో. పది నిమిషాల పని. తప్పు దిద్దకుండా వినండి, తేదీ వేసి రాసుకోండి, ఆరు వారాలకోసారి మళ్లీ చూడండి. ఆ తర్వాతి రోజుల్లో గంటను ఇలా పంచుకోవచ్చు: పది నిమిషాలు కబుర్లు లేదా ఆట, పావుగంట చదవడం, పావుగంట రాయడం, పది నిమిషాలు లెక్క, ఆఖరి పది నిమిషాలు మీరు కథ చదివి వినిపించడం. కథను ముందుకు జరపకండి. అలిసిన పిల్ల చివరి దాకా కూర్చునేది దాని కోసమే.

చెడేది ఎక్కడంటే, పెద్దవాళ్ల దగ్గరే. పెళ్లిళ్ల సీజనొచ్చి మీరు వరసగా రెండు వారాలు మానేస్తే మూడో వారం పిల్లాడు కనబడడు. రాలేని రోజు ముందే తెలిస్తే చెప్పి వెళ్లండి, తెలియకపోతే సర్దార్ ఫోనుకు కబురు చేయండి.

ప్రశ్న: రొయ్యల ప్లాంటులో పనిచేసే అస్సాం కుటుంబం మా ఇంట్లో అద్దెకు ఉంటోంది. ఏడేళ్ల పాప, అక్కడ ఒకటో తరగతి చదివింది. బడికి తీసుకెళితే టీసీ లేదు, ఆధార్ లేదు, జనవరిలో చేర్చుకోం అన్నారు. ఏం చేయాలండి?
– గృహిణి, భీమవరం

జవాబు: ఆ మూడు అభ్యంతరాల్లో ఒక్కటీ నిలవదమ్మా. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఆపకూడదు, ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రికార్డు గాని, అంగన్‌వాడీ రికార్డు గాని, ఏదీ లేకుంటే తల్లిదండ్రుల ప్రమాణ పత్రం గాని చాలు. 15వ సెక్షన్ ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లకూ ప్రయోజనం ఆపరాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏడేళ్ల పిల్లను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ మూడు నెలలకు తగ్గకుండా, గరిష్ఠంగా రెండేళ్ల వరకు ఉండొచ్చని కేంద్రం నమూనా నిబంధనలు చెబుతున్నాయి.

ఇదంతా హెడ్మాస్టరు గారి ముందు సెక్షన్ల వారీగా చదివి వినిపిస్తే పని చెడుతుంది. పాప తండ్రి చేత తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయించి ఇవ్వండి, అందినట్టు సంతకం అడగండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే అదే కాగితం ఎంఈఓకు, అక్కడా కాకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓ).

బడివాళ్లకు నిజంగా ఉండే చిక్కు వేరు. దేశంలోని బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాప పేరు అస్సాం బడి ఖాతాలో అలాగే ఉంటే ఇక్కడ ఆన్‌లైన్‌లో ఎక్కదు. పాత బడి ఆ పేరును పోర్టల్‌లోని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి మారే పిల్లల జాబితాలోకి వదలాలి, అప్పుడు ఇక్కడి బడి తీసుకోగలదు. పాత బడి హెడ్మాస్టరు ఫోన్ నంబరు, పాప పెన్ నంబరు (శాశ్వత విద్యార్థి సంఖ్య) సంపాదించి ఇస్తే సగం పని మీరే చేసినట్టు. ఆన్‌లైన్ సంగతి తేలే దాకా పాప తరగతిలో కూర్చోవచ్చు, డొక్కా సీతమ్మ గారి పేరిట పెట్టే మధ్యాహ్న భోజనమూ తినొచ్చు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలి పేరున్న పథకంలో రికార్డు చూసి విస్తరి లెక్కేయడం మన జిల్లాలకు నప్పదు. తల్లికి వందనం లాంటి డబ్బు పథకాలకు మాత్రం ఆధార్, హాజరు రెండూ చూస్తారు కాబట్టి ఆ పని కూడా ఈలోగా మొదలుపెట్టండి.

ప్రశ్న: తొమ్మిదేళ్ల ఒడిశా బాబుకు తెలుగు నేర్పుతున్నాను. అఆలు రెండు నెలలుగా దిద్దిస్తున్నా "మెడ", "మేడ" ఒకేలా చదువుతాడు. చెవిలో లోపమేమోనని అనుమానంగా ఉంది.
– ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, కడియం

జవాబు: చెవి బాగానే ఉండి ఉంటుంది. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. ఇకారం, ఉకారం దీర్ఘాలు రాతలో ఉన్నా పలుకులో తేడా చూపరు. పుట్టినప్పటి నుంచి పట్టించుకోనవసరం లేని తేడాను ఇప్పుడు వినమంటున్నారు. అదొక్కటే కాదు, ఒడియాలో 'క' అన్న అక్షరం 'కొ'కు దగ్గరగా పలుకుతుంది, అందుకని "కల"ను "కొలొ" అన్నట్టు చదివితే వెక్కిరింత అనుకోకండి. శ, ష, స మూడూ వాళ్లకు 'స'యే. వకారం బదులు బకారం వస్తుంది. మరో పక్క ళ, ణ వాళ్ల భాషలో చక్కగా ఉన్నాయి, ఆ రెంటిలో మన పిల్లల కంటే నయం. అదే బెంగాలీ పిల్లయితే ళ అసలు పలకదు, ణకారం నకారమైపోతుంది, స వచ్చిన చోట శ వినబడుతుంది. పిల్ల భాషలో ఏది ఉంది, ఏది లేదు అని ఒక కాగితం మీద రాసుకుంటే మీ కోపం సగం తగ్గుతుంది.

రెండు నెలలుగా అఆలు దిద్దించడం దగ్గరే ఆగిపోయారు, అసలు చిక్కు అదే. వర్ణమాల వరసలో వెళితే పిల్లకు చదవగలిగిన మాట ఒక్కటీ దొరకడానికి నెలలు పడుతుంది. తలకట్టుతో తొమ్మిది అక్షరాలు తీసుకోండి: ప, డ, వ, ల, త, క, ర, ద, గ. వీటితోనే పడవ, వల, తల, పలక, వరద, గడప, కల, గద, వడ అన్నీ వస్తాయి. రోజుకు మూడు అక్షరాలకు మించొద్దు. అట్టముక్కల మీద రాసి పేర్పించండి. పడవ, వల, వరద గోదారి పక్కన కళ్ల ముందే ఉన్నవి, బొమ్మ కూడా అక్కర్లేదు. రెండు వారాల్లో పిల్లాడు ఈ మాటలు చదివితే, దీర్ఘం అప్పుడు తీసుకురండి: వడ, వాడ. ఆ తర్వాత గుడి, సున్నా.

మెడ, మేడ సంగతికి వస్తే, చదివించడం కంటే ముందు వినిపించండి. రెండు బొమ్మలు నేల మీద పెట్టి మీరు మాట చెప్పండి, వాడు బొమ్మ మీద చేయి వేయాలి. దీర్ఘం దగ్గర మీరు చేతిని గాలిలో పొడుగ్గా లాగండి, హ్రస్వానికి చిటిక వేయండి. రోజుకు ఐదు నిమిషాలు, పది జతలకు ఎనిమిది సరిగ్గా చూపించే దాకా రాత జోలికి వెళ్లొద్దు. తర్వాత ఒత్తులకూ ఇదే పద్ధతి. గుడి, గుడ్డి. గడి, గడ్డి. ఒత్తు దగ్గర మాట ఒక క్షణం ఆగుతుందని చప్పట్లతో చూపించండి.

ఇంకో సంగతి. పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా సంబల్‌పురి. పుస్తకంలోని ఒడియా కూడా వాళ్లకు కొంత దూరమే. కాబట్టి "నీ భాషలో చదువు" అని ఒడియా వాచకం ఇచ్చి, చదవకపోతే ఆశ్చర్యపోకండి. ఒడియా రాని మీకు వాడు గురువు కావాలి: పాణి అంటే నీళ్లు, భాత అంటే అన్నం, మాఛ అంటే చేప, హాత అంటే చెయ్యి. మీరు తప్పు పలికితే వాడు నవ్వాలి. నది, ఆకాశం, పుస్తకం, ఫలం లాంటివి కొద్ది తేడాతో రెండు భాషల్లోనూ ఉన్నవే, కొత్త పాఠంలో ముందు ఇలాంటి మాటలు వెతికి గీత గీయించండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో చాలా కథలు తెలుగులో, ఒడియాలో, బెంగాలీలో ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథను రెండు భాషల్లో తీసి పక్కపక్కన పెట్టుకోండి. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. బడిలో పేరున్న పిల్లయితే ఆ పుస్తకమే వాడండి, వేరే గైడు కొనకండి.

ప్రశ్న: ఊడ్పులకు వచ్చిన బెంగాలీ కుటుంబంలో పదేళ్ల పాప నోటిలెక్కల్లో దిట్ట. రాస్తే మాత్రం 4 చోట 8, 7 చోట 9 వేస్తోంది. ఎందుకిలా?
– రైతు, పెనుగొండ మండలం

జవాబు: బెంగాలీ అంకెల్లో నాలుగు అచ్చం మన 8లా ఉంటుంది, ఏడు 9లా ఉంటుంది. ఆమె తన లిపిలో సరిగ్గానే రాస్తోంది. పాప చేత బెంగాలీ అంకెలు పది ఒక వరసలో, కింద మనం వాడేవి ఒక వరసలో రాయించి అట్ట మీద అంటించండి, వారంలో సర్దుకుంటుంది. నోటిలెక్క బాగా వచ్చిన పిల్లకు ఒకటి నుంచి వంద దాకా అంకెలు మళ్లీ దిద్దించకండి. నారు కట్టలు, కూలి, సంత ఖర్చు, వీటిని కాగితం మీద పెట్టడం నేర్పండి. పదుల స్థానం, వందల స్థానం దగ్గర తడబడితే చీపురు పుల్లలను పదేసి కట్టలుగా కట్టించండి.

ప్రశ్న: మా కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ తరఫున ఇరవై మందిమి చెరో పిల్లను చదివించాలనుకుంటున్నాం. విదేశాల్లో శరణార్థి పిల్లలకు విద్యార్థులే మెంటర్లుగా ఉంటారని విన్నాం. ఆ పద్ధతి ఇక్కడ నడుస్తుందా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, తాడేపల్లిగూడెం

జవాబు: నడుస్తుంది, కాస్త మార్చుకుంటే. స్వీడన్‌లోని మాల్మో విశ్వవిద్యాలయంలో 1997 నుంచి ఇలాంటి పథకం ఉంది. విద్యార్థి ఒకరు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్ల ఒకరు, వారానికి ఒకసారి రెండు మూడు గంటలు, అక్టోబరు నుంచి మే దాకా. ఆ నెలలు మన బట్టీ సీజన్‌కు దాదాపు సరిపోవడం మీకు కలిసొచ్చే విషయం. దానికి మూలం ఇజ్రాయెల్‌లో 1974లో మొదలైన పెరాచ్. అక్కడ పిల్లలను చదివించిన విద్యార్థులకు ఫీజులో కొంత భాగం వస్తుంది. మీకు ఫీజు రాకపోయినా ఎన్‌ఎస్‌ఎస్ గంటల్లో లెక్క వేయించుకోండి, ఉత్త ఉత్సాహం సెమిస్టర్ పరీక్షల దాకా నిలవదు.

ఇరవై మందీ ఒకే రోజు బస్సు కట్టుకుని వెళ్లడం, బ్యానరు, ప్రారంభోత్సవం, ఇవేవీ వద్దు. మొదటి నెల ఆరు జంటలతో మొదలుపెట్టండి. పది జంటలకు ఒక సమన్వయకర్త ఉండాలి. ఆమెకు సొంతంగా పిల్లను ఇవ్వకండి, రానివాళ్ల స్థానంలో వెళ్లడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, చిట్టాలు చదవడం, ఇవే ఆమె పని. ప్రతి మెంటరూ ఆ రోజే ఐదు వాక్యాలు రాయాలి: ఏం చదివించాం, ఎక్కడ తడబడింది, పిల్ల తనంతట తాను ఏం అడిగింది, పిల్ల ఎలా ఉంది, వచ్చే వారం ఏం తీసుకెళ్లాలి. ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఒకరికొకరు కనబడేంత దూరంలో కూర్చోండి. పరీక్షల తేదీలు తెలిసిన రోజే పిల్ల క్యాలెండర్ మీద ఆ వారాలకు అడ్డగీత గీసి చూపించండి.

ప్రశ్న: పదహారేళ్ల అమ్మాయి, అస్సాంలో ఎనిమిదో తరగతి దాకా చదివి ఆపేసింది. రొయ్యలు ఒలిచే పనికి షిఫ్టుల్లో వెళుతోంది. పదో తరగతి పాసవ్వాలని పట్టుదల. బడిలో చేర్చే వయసు దాటిపోయిందా?
– ఆశా కార్యకర్త, పశ్చిమ గోదావరి

జవాబు: విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. ఆ పైన ఈ అమ్మాయికి అచ్చొచ్చే దారి జాతీయ ఓపెన్ స్కూల్, అంటే నియోస్. పద్నాలుగేళ్లు నిండితే సెకండరీకి చేరవచ్చు, ఎనిమిది పాసైన సర్టిఫికెట్ లేకున్నా తాను చదవగలనని స్వయంగా రాసిచ్చే వీలుంది. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఒక భాష తప్పనిసరి, పాస్ మార్కు 33 శాతం. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరుల్లో. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, పాసైన సబ్జెక్టు ఖాతాలో ఉండిపోతుంది. మన రాష్ట్ర ఓపెన్ స్కూలు కూడా మంచిదే, కానీ కుటుంబం రాష్ట్రాలు మారేటప్పుడు నియోస్ సులువు.

మాధ్యమం ఆమె దేంట్లో హాయిగా చదువుతుందో అది. తెలుగు నేర్పి తెలుగులో పరీక్ష రాయించాలన్న పట్టుదల మీకు వద్దు. హిందీ వచ్చుంటే హిందీ మాధ్యమం పెట్టించండి. ఐదు సబ్జెక్టులూ ఒక్కసారే రాయించడం దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తింటారు. మొదటి విడత రెండు, ఆమెకు బలమున్నవి. పాసైన కాగితం చేతికొస్తే తర్వాతి మూడు నడుస్తాయి. గణితం భయమైతే అది లేకుండానే హోం సైన్స్, చిత్రలేఖనం లాంటివి కలుపుకుని ఐదు నింపొచ్చు, అయితే తర్వాత నర్సింగో, పాలిటెక్నికో అనుకుంటున్నదేమో ముందు అడగండి. ట్యూటర్ అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి, వాటిని గడువులోగా ఇవ్వడం మెంటర్ చూసుకోవాల్సిన పని. షిఫ్టు మారినప్పుడల్లా చదివే గంట మారుతుంది, కాబట్టి ఆదివారం సాయంత్రం ఆ వారం షిఫ్టు చూసి రెండు గంటలు ఖాయం చేసుకోండి. ఆరేడు గంటలు చలిలో నిలబడి వచ్చిన పిల్లకు మొదటి పావుగంట టీ, కబుర్లు, అంతే.

ప్రశ్న: హాస్టల్లో పదకొండేళ్ల బాబును నాకు అప్పగించారు. వాళ్ల కుటుంబం ఛత్తీస్‌గఢ్ గొడవలప్పుడు అడవి దాటి చింతూరు వైపు వచ్చిందట. నెల రోజులైనా నోరు విప్పడు. ఏం జరిగిందో అడిగి బాధ దింపించనా?
– వలంటీరు, రాజమహేంద్రవరం

జవాబు: అడగకండి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ వైపు నుంచి చాలా కుటుంబాలు శబరి దాటి ఇవతలి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. అయితే మీ బాబు వయసు పదకొండు. అతను పుట్టింది ఇవతలే కావచ్చు, ఆ గొడవలు అతను చూసి ఉండకపోవచ్చు. మౌనానికి అంత దూరపు కారణం వెతికే ముందు దగ్గరిది చూడండి. ఇంట్లో కోయ మాట, హాస్టల్లో తెలుగు, తోటి పిల్లలు యాస పట్టుకుని ఏడిపించడం. మన రాష్ట్రంలో కోయ భాషకు తెలుగు లిపిలో వాచకాలు ప్రభుత్వమే వేసింది, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) బడుల్లో అడిగితే పాత ప్రతులు దొరకవచ్చు. ఒకటి తెచ్చి, మీరు తప్పుల తడకగా చదవండి.

ఎదురెదురుగా కూర్చుని ప్రశ్నలు వేయడం మానేసి పక్కన కూర్చుని చేతులతో ఏదైనా చేయండి: బొమ్మ గీయడం, మట్టి ముద్దలు చేయడం, పటం అతికించడం. ఒకే రోజు, ఒకే గంట, ఒకే చోట. ఇల్లు బొమ్మ వేయమనకండి, కావాలంటే అతనే వేస్తాడు. చెప్పడం మొదలుపెడితే వినండి, ఇంకా చెప్పమని తవ్వకండి, మరొకరి ముందు ఎత్తకండి. రాత్రుళ్లు ఉలికిపడి లేవడం, పక్క తడపడం, తిండి మానడం రెండు మూడు వారాలు కొనసాగితే వార్డెన్‌కు చెప్పి డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ నంబరు 14416, ఫోను ఉచితం. ఒకటి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. అటు నుంచి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ కుల ధ్రువపత్రం దగ్గర చిక్కు వస్తుంది, పదో తరగతి దాకా ఆగితే స్కాలర్‌షిప్పు వేళకు కాగితం ఉండదు. తల్లిదండ్రుల దగ్గరున్న పాత కాగితాలేమిటో వార్డెన్ చేత అడిగించండి.

ప్రశ్న: కూతురూ అల్లుడూ కువైట్‌లో ఉండేవారు, ఉద్యోగం పోయి వచ్చేశారు. మనవడు ఏడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. క్లాసులో నవ్వుతున్నారట.
– ఒక అమ్మమ్మ, రాజోలు

జవాబు: అమ్మా, మీ మనవడికి వేగంగా వస్తుంది, మాట చెవిలో ఉంది కదా. పైన చెప్పిన తొమ్మిది అక్షరాల పద్ధతే పట్టండి, రోజుకు ఇరవై నిమిషాలు. మూడు నాలుగు నెలల్లో పేరా దాకా వస్తాడు. ఒకటో తరగతి వాచకం చేతికిస్తే చిన్నతనంగా ఉంటుంది. సినిమా పోస్టర్లు, బస్సు బోర్డులు, క్రికెట్ వార్తల హెడ్డింగులు చదివించండి. ఇంగ్లీషులో చదివిన లెక్కలు, సైన్సు అతనికి బలం. క్లాసులో ఎవరికైనా వాటిలో సాయం చేసే అవకాశం ఇవ్వమని మాస్టారిని అడగండి, నవ్వు తగ్గుతుంది.

ప్రశ్న: పిల్లలకు బట్టలు, సైకిలు కొనివ్వొచ్చా? చదివిస్తున్న ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే దాతలు వస్తున్నారు.
– యువజన సంఘం సభ్యుడు, అమలాపురం

జవాబు: పలక, పెన్సిలు, పుస్తకం దాటి ఏదీ మీ చేతి మీదుగా ఇవ్వకండి. ఒక్క పిల్లకు సైకిలు వస్తే మిగతా గుడిసెల్లో గొడవ, ఆ పిల్ల రేపు పాఠానికి వచ్చేది దేనికో మీకే తెలియదు. అవసరం నిజమైతే బడి ద్వారానో, సచివాలయం ద్వారానో అందరికీ అందేలా చూడండి. ఫొటోలు వద్దు. పిల్ల ముఖం, బట్టీ పేరు, ఊరు మూడూ కలిసిన ఫొటో పిల్లల అక్రమ రవాణా చేసేవాడికి చిరునామా ఇచ్చినట్టే. దాతకు చూపించడానికి ఆరు వారాల క్రితం రాసిన పేజీ, ఈ రోజు రాసిన పేజీ పక్కపక్కన పెడితే సరి.

మూసిన గదిలో ఒక్కరే పిల్లతో కూర్చోకూడదు, పిల్లను బండి మీద ఒంటరిగా తీసుకెళ్లకూడదు, రాత్రి ఫోన్లు, మెసేజిలు ఉండకూడదు. ఆడపిల్లలకు ఆడవాళ్లే మెంటర్లుగా ఉండటం మేలు. పిల్ల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే చెప్పి తీరాలి, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ తెలిసిన ఎవరి మీదైనా ఆ బాధ్యత పెట్టింది. పోలీసులకు 112, చైల్డ్ హెల్ప్‌లైన్‌కు 1098. నిజమో కాదో మీరు విచారణ చేయకండి, పిల్ల చెప్పిన మాట చెప్పినట్టు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మేలో వాళ్లు ఊరికి వెళ్లిపోతారు. అంతా నీళ్లలో పోసినట్టే కదా?
– పై ప్రశ్న చాలామంది అడిగారు

జవాబు: పోతుంది, వెళ్లే రోజు మీకు హఠాత్తుగా తెలిస్తే. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు అమెరికాలో మెంటరింగ్ జంటలను పరిశీలించారు. ఏడాది, ఆ పైన సాగిన జంటల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనబడింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. మన దగ్గర సీజన్ ఆరేడు నెలలు. అందుకే మొదటి రోజే "మీరు ఊరెళ్లే దాకా వస్తాను" అని చెప్పండి, "ఎప్పుడూ వస్తాను" అనకండి. మార్చిలో పనికి చేరి మే దాకా ఉండే కుటుంబమైతే కొత్తగా జంట కట్టకండి, బడిలో చేర్పించి ఊరుకోండి.

తేదీల దగ్గర చాలామంది పొరపడతారు. మన బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసేస్తారు, బట్టీ మే చివరికో జూన్‌కో ఆగుతుంది, బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. కుటుంబం బయలుదేరే రోజు టీసీ కోసం వెళితే బడికి తాళం ఉంటుంది. ఏప్రిల్ రెండో వారంలోనే టీసీ గాని రికార్డు షీటు గాని అడగండి, పెన్ నంబరు దాని మీద రాయించుకోండి. టీసీ ఇవ్వడంలో జాప్యం చేస్తే చర్య ఉంటుందని 5వ సెక్షన్లోనే ఉంది. బడి మూసిన తర్వాతి నెల మీ గంటలు ఆపకండి, పొద్దు వాలాక పెట్టుకోండి.

ప్లాస్టిక్ సంచిలో పెట్టి తల్లి చేతికి ఇవ్వాల్సినవి: టీసీ, మొదటి రోజు చివరి రోజు పరీక్షల కాగితాలు, పిల్ల రాసిన ఒక నోటుపుస్తకం, రెండు భాషల్లో ఒక కథ, పెద్ద అంకెల్లో మీ నంబరు. పిల్ల ఎంతవరకు చదవగలదో నాలుగు వాక్యాల్లో హిందీలో రాసి పెట్టండి, అక్కడి మాస్టారికి తెలుగు కాగితం పనికిరాదు. తండ్రి సిమ్ రీచార్జి లేక ఆగిపోతుంది కాబట్టి సర్దార్ నంబరు, ఊళ్లో బాబాయిదో మేనమామదో మరో నంబరు తీసుకోండి. నెలకొక ఆదివారం పది నిమిషాల ఫోను, పిల్ల అరపేజీ చదివి వినిపించాలి, అంతకు మించి ఆశించొద్దు. పశ్చిమ ఒడిశాలో పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు కొన్నిచోట్ల ఉన్నాయి, అవ్వాతాతలు ఉన్న కుటుంబమైతే ఆ మాట తల్లితో ముందే కదపండి. వచ్చే ఏడు ఎక్కడికి వెళ్లేదీ నువాఖాయ్ పండగ నాటికి, అంటే ఆగస్టు–సెప్టెంబరులో, బయానా తీసుకునేటప్పుడే తేలుతుంది. ఆ నెల ఫోన్లో అడిగి తెలుసుకుంటే, వాళ్లు దిగక ముందే అక్కడి ఎంఈఓకు పిల్లల పేర్లు పంపొచ్చు.